ఊరందరికీ ఒకే ఉమ్మి

మా రేగడివలసలో ఉన్నది ఒకే ఒక్క మనిషని ప్రభుత్వం తేల్చిన రోజున నేను తొమ్మిదో తరగతిలో మూడో బెంచీ మీద కూర్చుని ఉన్నాను. నా పక్కన కాసులమ్మ ఉంది. ముందు బెంచీలో నలుగురున్నారు. బయట పొయ్యి దగ్గర మా మామ్మ మధ్యాహ్న భోజనం వండే ఆమెతో గొడవ పడుతోంది. ఇంతమంది ఉండగా ఒక్కరే ఎలా అవుతారని మీకు అనిపించవచ్చు. మాకూ అనిపించింది. అయితే మాకు అనిపించడం వేరు, తేలడం వేరు. అందుకని మొదటి నుంచి చెబుతాను.

మా ఊరి పక్కన గెడ్డ అని పిలిచే వాగు మీద, ఎప్పుడో సగం కూలిపోయిన పాత రైలు వంతెన ఉంది. దాని పక్కనే దొర సమాధి. ఆ దొర పేరు డెనిస్. వంతెన కట్టిన కాలంలో ఐర్లండు అనే దేశం నుంచి పని వెతుక్కుంటూ వచ్చి, కూలీల మీద అజమాయిషీ చేసి, ఇక్కడే జ్వరంతో పోయాడట. ఆయన గురించి మాకు అంతకు మించి తెలీదు. కానీ సమాధి రాయి వెడల్పుగా, నున్నగా ఉంటుంది. ఎండ బాగా పడుతుంది. వేసవిలో మా ఆడవాళ్ళు "దొర మీద వొడియాలెట్టీసి వొస్తాను" అని చెప్పి వెళతారు. మా ఊళ్ళో దొరను తలుచుకోని వేసవి లేదు.

ఐర్లండులో ఐలీన్ అనే ఒక పెద్దావిడ ఉంది. నర్సుగా పనిచేసి రిటైరయింది. తీరిక దొరికాక తన వంశం వెతకడం మొదలుపెట్టింది. చర్చి పుస్తకాలు తిరగేసి, ఓడల జాబితాలు తిరగేసి, ముత్తాత తమ్ముడొకడు తిండి లేని రోజుల్లో దేశం విడిచి వెళ్ళాడని, అతను వెళ్ళింది మా వంతెనకేనని కనిపెట్టింది. అతనికి ఇక్కడ పిల్లలేమైనా ఉన్నారేమోనని ఆమెకు ఆశ. రక్తసంబంధం తేల్చే ఉమ్మి పరీక్ష చేయించుకుని, దానితో కలిసే ఉమ్మి ఎవరికైనా ఉందేమో చూసిపెట్టమని మన ప్రభుత్వానికి రాసింది.

ప్రభుత్వంలో ఇలాంటి పనికి ఒక సంస్థ ఉంది. పూర్వీకుల అన్వేషణ, పర్యాటకాభివృద్ధి సంస్థ. పెట్టిన దగ్గర నుంచి ఒక్క పూర్వీకుణ్ణి కూడా ఎవరూ అడగలేదు కాబట్టి వాళ్ళు చాలా ఉత్సాహంగా ఉన్నారు. ప్రాంతీయ సంచాలకులు త్రివిక్రమరావు గారు స్వయంగా జీపులో వచ్చి మా బడి వరండాలో మీటింగు పెట్టారు.

"సదరు విదేశీ వనితకు ఈ గ్రామంతో గల రక్తసంబంధం నిర్ధారణ అయిన పక్షంలో, ఈ గ్రామాన్ని బంధుగ్రామంగా ప్రకటించడం జరుగుతుంది. బంధుగ్రామంలో గల పాఠశాలను ఏ పరిస్థితుల్లోనూ మూసివేయడం జరగదు" అన్నారాయన.

అప్పటిదాకా అరుగుల మీద కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఎందుకంటే మా బడి ఎప్పుడు పోతుందా అని మాకు రెండేళ్ళుగా భయం. ఇరవైమంది కంటే తగ్గితే గెడ్డ అవతల కొత్తూరు బడిలో కలిపేస్తారు. మేం ఇరవై ఆరుగురం ఉన్నాం. వానాకాలం గెడ్డ దాటాలంటే మగవాళ్ళే పంచెలు నెత్తిన పెట్టుకుంటారు. మా నాన్న నాతో ముందే చెప్పేశాడు: "బడి ఊళ్ళో ఉన్నన్నాళ్ళు సదువుకో పైడీ. గెడ్డ దాటి ఎల్లడమంటే మాత్రం నా వల్ల కాదు." నా పేరు పైడితల్లి. నాకు పదో తరగతి చదవాలని ఉంది. ఆ మాట నాన్నకు గట్టిగా చెప్పలేను. నిజానికి నేను ఎవరికీ ఏదీ గట్టిగా చెప్పలేను. హాజరు పిలిచినప్పుడు కూడా నా బదులు కాసులమ్మే "ప్రెజెంట్ సార్" అంటుంది. గౌరునాయుడు మాస్టారికి అది అలవాటైపోయింది.

"అయితే నియమం ఒకటున్నది. గ్రామస్థులు నూటికి నూరు శాతం నమూనాలివ్వాలి. ఒక్క నమూనా తగ్గినా దస్త్రం తిప్పి పంపబడుతుంది" అన్నారు త్రివిక్రమరావు గారు.

మర్నాడు అట్టపెట్టెల్లో గాజు సీసాలొచ్చాయి. వేలెడంత పొడుగు. ఒక్కో దాని మీద ఒక్కొక్కరి పేరు. చంటిపిల్లలను కూడా కలిపితే నూట ఎనభై. ప్రతి సీసా మీదా ఎర్ర గీత. ఆ గీత దాకా ఉమ్మాలి.

"నురగ లెక్కలోకి రాదు" అని ఆయన అసిస్టెంటు ప్రకటించాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. మా ఊళ్ళో మంచినీళ్ళ చెంబు పెదవికి తగలకుండా ఎత్తి తాగుతారు. కూర ఉప్పు చూడాలంటే అరచేతిలో వేసుకుని చూసి, చెయ్యి కడుక్కుని మళ్ళీ గరిటె పట్టుకుంటారు. అలాంటివాళ్ళను పెద్ద ఆఫీసరు ఎదురుగా ఎంగిలి సీసాలో పోసి, ఆ సీసా ఆయన చేతికే ఇమ్మంటే ఎలా ఇస్తారు? సర్పంచి సన్యాసినాయుడు తాతే ముందు వెళ్ళాలి కదా. ఆయన మర్యాదగా కుళాయి దగ్గరికి వెళ్ళి, నోరు బాగా పుక్కిలించి, కండువాతో తుడుచుకుని వచ్చి సీసా పట్టుకున్నాడు. ఏమీ రాలేదు.

"ప్రయత్నించండి" అన్నారు త్రివిక్రమరావు గారు.

"తవరలా సూస్తంటే రాదు బావూ" అన్నాడు తాత.

ఆడవాళ్ళ వరస ఇంకా అన్యాయం. కోడళ్ళ వెనక అత్తలు, పక్క వరసలో మామలు. మావయ్య చూస్తుండగా ఉమ్మితే రేపు ఇంట్లో అన్నం ఎలా వడ్డిస్తుంది? అందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు నా సీసా ఇచ్చారు. దాన్ని గుప్పిట్లో దాచుకుని నేల చూస్తూ నిలబడ్డాను. నోరు బెండకాయ ఎండినట్టు ఎండిపోయింది.

ఎండెక్కింది. త్రివిక్రమరావు గారు కొబ్బరి నీళ్ళు తాగడానికి సర్పంచి గారి అరుగు మీదికి వెళ్ళారు. అప్పుడు మా మామ్మ అప్పలనరసమ్మ లేచింది.

మామ్మకు సిగ్గంటే ఏమిటో తెలీదు. ఆమె పుట్టినప్పుడు ఊళ్ళో ఉన్న సిగ్గంతా దాచిపెట్టి నా కోసం ఉంచారని నాన్న అంటాడు.

"ఏటర్రా ఈ బాగోతం? బడి కావాలేటి, అక్కర్లేదేటి? ఇటు తెండి సీసాలు. ఎవరో ఒకరు ఊసితే అయిపోయె!" అంది.

మా ఊరి పద్ధతే అంత. ఒకరు జ్వరంతో పడుకుంటే వాళ్ళ ఆవును ఇంకొకరు పిండుతారు. ఒకరి బియ్యం ఇంకొకరు తెచ్చి ఇంట్లో పెడతారు. కనుక ఈ మాట ఎవరికీ తప్పుగా తోచలేదు. వంటపాక వెనక పీట వేసి మామ్మను కూర్చోబెట్టారు. మామ్మ బుగ్గన చింతపండు పెట్టుకుంది. పక్కన ఒకామె నిలబడి పచ్చి మామిడికాయ, ఉప్పు, కారం అంటూ వర్ణించసాగింది. మామ్మ ఒక్కో సీసా నింపుతూ, నురగ తేలితే కొనగోటితో తీసేస్తూ, "ఇది ఎవరిది? సన్నాసిదా? వాడికి నిండుగా పోస్తానుండు, సర్పంచి కదా" అంది. చంటిపిల్లలకు మాత్రం కొంచెం తక్కువ పోసింది.

త్రివిక్రమరావు గారు తిరిగి వచ్చేసరికి పెట్టెలు మూసి ఉన్నాయి. "ఇంత క్రమశిక్షణ గల గ్రామాన్ని నా సర్వీసులో చూడలేదు" అన్నారు.

తర్వాత నెలలో ఆయన మళ్ళీ వచ్చారు. మొదట చెప్పిన రోజు అదే. తరగతులన్నీ ఆపించి ఊరివాళ్ళందరినీ వరండాలోకి పిలిపించారు.

"ఫలితాలు రెండు. మొదటిది. నూట ఎనభై నమూనాలకు నూట ఎనభై, ఐలీన్ గారి నమూనాతో దూరపు రక్తసంబంధం కలిగి ఉన్నవి."

చప్పట్లు మోగాయి. సన్యాసినాయుడు తాత కండువా ఎగరేశాడు. మామ్మ మాత్రం "ఒలమ్మా! మా దొరే?" అని నోటి మీద చెయ్యి వేసుకుంది. ఎన్ని వేసవులు ఆయన మీద వడియాలు పెట్టిందో గుర్తొచ్చి ఉంటుంది.

"రెండవది. సదరు నూట ఎనభై నమూనాలూ ఒకే వ్యక్తివి. కనుక ఈ గ్రామ వాస్తవ జనాభా ఒకటి అని నిర్ధారించడమైనది."

చప్పట్లు కొంచెంసేపు అలాగే సాగి ఆగిపోయాయి.

గౌరునాయుడు మాస్టారు లేచారు. "సార్, జరిగిందేమిటంటే, మా వాళ్ళకు సిగ్గెక్కువ. ఆ రోజు ఒక పెద్దావిడే అందరి బదులూ..."

త్రివిక్రమరావు గారు చెయ్యెత్తారు. "ఆలోచించి మాట్లాడండి మాస్టారూ. తప్పుడు నమూనాలిచ్చామని ఒప్పుకుంటే ఊరందరి మీదా కేసు. ఒప్పుకోకపోతే మీరంతా ఒక్కరు. ఏది రాసుకోమంటారు?"

"మీ ఎదురుగా ఇంతమంది కనబడుతున్నారు కదండీ!"

"కనబడటం శాస్త్రీయం కాదు" అన్నారాయన.

ఊరి జనాభా ఒకటేనని ఆయన కాగితం మీద పెట్టి అన్ని శాఖలకూ పంపారు. అన్ని శాఖలూ తగు చర్య తీసుకున్నాయి. ఊరి మొత్తానికి ఒక రేషన్ కార్డు వచ్చింది. సన్యాసినాయుడు తాత ఎన్నిక మీద విచారణ జరిగి, తన ఓటు తనే వేసుకుని, తన మీద తనే గెలిచినట్టు తేలింది. పొలం వాటాల తగువులో ఇద్దరు అన్నదమ్ములు కొట్టుకుని స్టేషనుకు వెళితే, ఎస్సై గారు కాగితం చూసి, మనిషి తనను తాను కొట్టుకుంటే కేసు కాదు, డాక్టరుకు చూపించుకోమని ఇద్దరికీ కలిపి ఒక చీటీ రాసిచ్చారు. అయితే మంచి కూడా జరిగింది. సంతకు వెళ్ళినప్పుడు బస్సులో మా ఊరివాళ్ళు ముప్ఫైమంది ఎక్కితే కండక్టరు ఒకే టిక్కెట్టు కొట్టాడు. సీటు కూడా ఒకటే ఇచ్చాడు.

కాసులమ్మ అక్క పెళ్ళి మాత్రం ఆగిపోయింది. పెళ్ళికొడుకుది పక్క వీధే. వధువూ వరుడూ ఒకరే అయితే రిజిస్టరు చేయడం కుదరదని చెప్పారట.

"పోనీ, అత్తపోరు లేదు కదేటే" అని కాసులమ్మ వాళ్ళ అక్కను ఓదార్చింది. అక్క దాని జడ పట్టుకుని లాగింది.

ఇవన్నీ నవ్వుకున్నాం. బడి కాగితం వచ్చినప్పుడు మాత్రం నవ్వు రాలేదు. బంధుగ్రామం అయింది కాబట్టి మా బడిని మూసే ప్రశ్న లేదని అందులో మొదటే రాశారు. విద్యార్థి ఒక్కరే ఉన్నందువల్ల ఆ ఒక్క విద్యార్థినీ కొత్తూరు బడికి మార్చి, ఇక్కడి బడిని విద్యార్థులు లేకుండా శాశ్వతంగా తెరిచి ఉంచుతామన్నారు.

నాన్న ఆ సాయంత్రం నా పుస్తకాల సంచీని మేకుకు తగిలించాడు. సంచీ కేసి ఒకసారి చూసి పశువుల దగ్గరికి వెళ్ళిపోయాడు.

మాస్టారు ఊరుకోలేదు. సంస్థ నియమాల పుస్తకం తెప్పించి ఆదివారమంతా చదివారు. సోమవారం మా ఇంటికి వచ్చి మాతో అన్నారు: "పునఃపరీక్ష అడిగే హక్కు ఉంది. కానీ గ్రామ నివాసి స్వయంగా, నోటితో, సంచాలకుల ఎదుట అడగాలి. మీ మామ్మ అడిగితే ఆవిడ చేసింది బయటపడుతుంది. ఇంకెవరు అడిగినా, నువ్వెవరని అడుగుతాడాయన. ఏం చెప్పాలో నాకూ తోచడం లేదు."

ఆ వారంలోనే ఐలీన్ గారు వచ్చారు. బడి ముందు రక్తసంబంధీకుల సమ్మేళనమని బ్యానరు కట్టారు. వేదిక మీద అధికారులకు పన్నెండు కుర్చీలు, కింద గ్రామస్థులకు ఒక కుర్చీ. ఊరికి టీ కూడా ఒక కప్పే వచ్చింది. అది చేతులు మారుతూ చివరికి ఎవరూ తాగకుండానే చల్లారింది. ఎంగిలి కదా.

ఐలీన్ గారు తెల్లగా, బక్కపల్చగా, బూట్లేసుకుని, చెమటలు కక్కుతూ ఉన్నారు. వేదిక మీద కూర్చోకుండా నేరుగా వచ్చి మా మామ్మ పక్కన నేల మీద కూలబడ్డారు. మామ్మ ఆమె చెయ్యి తీసుకుని చర్మం పరీక్షగా చూసి, "తిండి లేదేటమ్మా మీ ఊళ్ళో?" అని అడిగింది. మాస్టారు ఇంగ్లీషులో చెప్పారు. ఒకప్పుడు లేదు, అందుకే కదా మా తాత ఇక్కడికొచ్చాడు అన్నారామె. తర్వాత మామ్మ వైపు వంగి మెల్లగా ఇంకేదో చెప్పి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. మాస్టారు అటూ ఇటూ చూసి ఆ ముక్క తెలుగులో చెప్పకుండా వదిలేశారు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు అర్థమైంది. ఆమె వేసుకునే మాత్రల వల్ల నోరు ఎప్పుడూ ఎండిపోయి ఉంటుందట. అందుకని పరీక్ష రోజున ఆమె సీసాలో ఆమె బదులు వాళ్ళ పక్కింటావిడ ఉమ్మిందట.

నేను మామ్మ చెవిలో చెప్పాను. మామ్మ కళ్ళు పెద్దవి చేసి, "అయితే ఏటి? పక్కింటోళ్ళు సుట్టాలు కారేటి?" అంది.

ఇంతలో త్రివిక్రమరావు గారు మైకు అందుకున్నారు. "ఇప్పుడు ఈ గ్రామ ఏకైక నివాసి వేదిక మీదికి విచ్చేసి, విదేశీ బంధువును పూలమాలతో సత్కరించవలసినదిగా కోరడమైనది."

మామ్మ లేవబోయింది. నాన్న ఆమె భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. మాస్టారు నేల చూస్తున్నారు. సన్యాసినాయుడు తాత నేనెళ్తే నా మీద నేను ఇంకోసారి గెలిచానంటారేమోనన్నట్టు వెనక్కి జరిగాడు.

"ఏకైక నివాసి" అని ఆయన మళ్ళీ పిలిచారు. "హాజరయ్యారా?"

అలవాటు కొద్దీ కాసులమ్మ నోరు తెరవబోయింది. నేను దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. ఎందుకు పెట్టానో అప్పుడు తెలీదు. మేకుకు వేలాడుతున్న సంచీ కళ్ళ ముందు కనబడింది. లేచాను. లేచాక కూర్చోవడం ఇంకా సిగ్గుగా ఉంటుందని నడిచాను.

"నేనేనండి" అన్నాను. మైకు దగ్గరగా ఉంది కాబట్టి అది ఊరంతా వినబడింది.

"ఎవరు మీరు?"

"రేగడివలసనండి."

ఆయన జాబితా తీశారు. "పేరు?"

"అందులో ఏ పేరైనా ఫర్వాలేదండి. అన్నీ నేనే కదండీ."

అధికారుల్లో ఒకరు దగ్గారు. త్రివిక్రమరావు గారు జాబితా వైపు, నా వైపు చూశారు. తను పంపిన కాగితం ప్రకారం నేను చెప్పింది పూర్తిగా సబబు.

"నాకు మళ్ళీ పరీక్ష చేయించండి. నాకు అనుమానంగా ఉంది" అన్నాను. "ఊరు ఊరంతా అడుగుతున్నట్టేనండి. నూటికి నూరు శాతం."

ఆయన నియమాల పుస్తకం తెరిచి, మూసి, మళ్ళీ తెరిచారు. నూటికి నూరు శాతం గ్రామస్థులు స్వయంగా, నోటితో కోరిన దాన్ని కాదనే నియమం అందులో లేదు. జీపులో మిగిలిన సీసాల పెట్టె దింపించారు. అసిస్టెంటు ఒక సీసా నా చేతిలో పెట్టాడు. పన్నెండు మంది అధికారులు, ఒక విదేశీయురాలు, మా ఊరు మొత్తం నన్నే చూస్తున్నారు. మా నాన్న చూస్తున్నాడు.

నేను ఉమ్మాను. గీత దాకా. నురగ కొనగోటితో తీసేశాను.

"ఓలమ్మ, మా పైడే!" అంది కాసులమ్మ. అది కూడా లేచి వచ్చింది. దాని వెనక వాళ్ళ అక్క. దాని వెనక కోడళ్ళు, అత్తలు. మామలు తమంతట తామే గోడ వైపు తిరిగి నిలబడ్డారు. సన్యాసినాయుడు తాత ఈసారి పుక్కిలించకుండా వచ్చాడు. అందరి తర్వాత ఐలీన్ గారు కూడా వచ్చి, ఒక సీసా అడిగి తీసుకుని, చాలాసేపు ప్రయత్నించి, నవ్వి తిరిగి ఇచ్చేశారు. వెళ్ళేటప్పుడు మామ్మ ఆమెకు ఒక మూట వడియాలు కట్టి ఇచ్చింది. అవి ఎక్కడ ఎండినవో చెప్పలేదు. పక్కింటావిడకు కూడా పెట్టమంది.

రెండో ఫలితాల్లో మేం నూట ఎనభై మందిమి వేరు వేరుగా తేలాం. ఆ పక్కింటావిడతో మామ్మకు, నాన్నకు, నాకు తప్ప ఎవరికీ చుట్టరికం కలవలేదు. ముగ్గురు బంధువులైతే ఊరు బంధువు కాదని బంధుగ్రామం హోదా రద్దయింది. బడి మాత్రం నిలిచింది. ఒక్క నెలలో ఒక విద్యార్థి నుంచి ఇరవై ఆరుగురికి పెరిగిన బడి జిల్లాలో ఇంకొకటి లేదని గౌరునాయుడు మాస్టారికి శాలువా కప్పారు. ఇంత వేగంగా ఎదుగుతున్న బడిని ఎవరూ ముట్టుకోకూడదని ఉత్తర్వు కూడా ఇచ్చారు. నాన్న సంచీ మేకు మీంచి తీసి, దుమ్ము దులిపి, నా చేతికిచ్చాడు. మర్నాడు హాజరు పిలిచినప్పుడు నేనే పలికాను. కాసులమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అంతా సర్దుకుందనుకున్నాక ఒక ఉదయం తెల్ల వ్యాను వచ్చింది. కుటుంబ సంక్షేమ శాఖ. ఒకరు ఉండాల్సిన ఊళ్ళో నెల తిరిగేసరికి నూట ఎనభై మంది ఎలా అయ్యారని పైనుంచి అడిగారట. దేశంలో ఎక్కడా ఇలాంటి పెరుగుదల నమోదు కాలేదట. వచ్చిన మేడమ్ గారు మొదటి ఫలితాలు పట్టుకుని, ఆ ఒక్కరు ఎవరో వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చి, మా మామ్మ ఎదురుగా కుర్చీ వేసుకుని, చిన్న కుటుంబం గురించి చాలాసేపు చెప్పారు. మామ్మ శ్రద్ధగా వింది.

చివరికి మేడమ్ గారు కళ్ళద్దాలు సర్దుకుని, "ఈ వయసులో, నెల రోజుల్లో, ఇంతమందిని ఎలా కన్నావమ్మా?" అని అడిగారు.

"కన్లేదమ్మా," అంది మామ్మ, "ఊసీసాను."